ముగింపు తేదీ తప్పనిసరి

మా నాన్న ఒక మంగళవారం ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో, నా పక్కన స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ చనిపోయాడు. ఆ సంగతి ఆయనకి బుధవారం దాకా తెలియదు. కంపెనీకి మాత్రం అప్పుడే తెలిసిపోయింది.

ముందు మా పని గురించి చెప్పాలి. మేము సమాధి రాళ్ళు చెక్కుతాం. నాన్న నలభై ఏళ్ళు ఉలి, సుత్తి పట్టి చేత్తో చెక్కాడు. మణికట్లు అరిగిపోయి, గ్లాసు ఎత్తినా నొప్పి పుట్టే రోజులొచ్చాక, ఎనిమిదేళ్ళ కిందట మెషిన్ కొన్నాం. కంప్యూటర్లో పేరు, తేదీలు పేర్చి మీట నొక్కితే, మెషిన్ మొన రాయి మీద గిర్రున తిరుగుతూ చెక్కేస్తుంది. దాన్ని నడిపేది నేను. రాళ్ళకి నునుపు పట్టేది, తప్పులు చూసేది అమ్మ. అమ్మ వేలు పెట్టి ఒక్కొక్క అంకె చదివితే తప్ప ఏ రాయీ మా గుమ్మం దాటదు. ఇక నాన్న పని స్టూలు మీద కూర్చుని, “ఆ రెండక్షరాల మధ్య గాలి ఆడటం లేదు” అని నన్ను సతాయించడం.

ఆ మెషిన్ని ఆడించే సాఫ్ట్‌వేర్‌ని నాన్న తన పేరు మీద కొన్నాడు. జీవితకాలపు లైసెన్సు, మొత్తం ఒకేసారి కట్టేశాడు. బిల్లు ఉంది, అట్టపెట్టె ఉంది, పెట్టె మీద మెరిసే స్టిక్కరు కూడా ఉంది. మా వీధి చివర నేమ్‌ప్లేట్లు చేసేవాడొకడు ఇదే సాఫ్ట్‌వేర్‌ దొంగ కాపీ వాడుతున్నాడు. ఇన్నేళ్ళలో అది వాణ్ణి ఒక్క ప్రశ్న అడగలేదు. మమ్మల్ని మాత్రం మూణ్ణెల్లకోసారి నువ్వెవరు, నీ సంఖ్య ఏది, నువ్వు నువ్వేనా అని నిలదీస్తూనే ఉంటుంది. డబ్బు కట్టినవాడి మీదే దానికి అనుమానం.

సోమవారం నాడు రాతిదుమ్ము దూరి కంప్యూటర్ ఆగిపోయింది. రిపేరు చేసేవాడు వచ్చి, లోపల డిస్కు మార్చి, చిటికెలో బాగు చేసి వెళ్ళాడు. మంగళవారం ఉదయం సాఫ్ట్‌వేర్ తెరిస్తే, ఇది కొత్త కంప్యూటర్, మళ్ళీ నమోదు చేసుకోండి అని ఒక ఫారం వచ్చింది. సరే, ఎప్పుడూ ఉండే భాగోతమే కదా అని కూర్చున్నాను. పేరు అడిగింది, రాశాను. కింద “ఆరంభ తేదీ” అని ఉంది.

“నా పుట్టినరోజు వెయ్యి,” అన్నాడు నాన్న.

ఇంకెవరింట్లోనైనా ఎందుకని అడిగేవాళ్ళు. మా ఇంట్లో పేరు కింద రెండు తేదీలంటే ఇంకో అర్థం లేదు. నేను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది అదే. మారుమాట్లాడకుండా ఆయన పుట్టిన తేదీ వేశాను. దాని పక్కన “ముగింపు తేదీ” ఉంది. అది ఖాళీగా వదిలి మీట నొక్కాను. ఎర్రటి అక్షరాలతో “ముగింపు తేదీ తప్పనిసరి” అని వచ్చింది.

“ఇవాళ్టిది వేసి పారెయ్. తర్వాత సరిచేసుకోవచ్చు,” అన్నాడు నాన్న.

ఇదీ మా వృత్తిలో అలవాటే. ఇంట్లోవాళ్ళు దుఃఖంలో ఉండి తేదీలు సరిగ్గా చెప్పలేరు. అప్పుడు నమూనాలో ఆ రోజు తేదీ వేసి పెడతాం, అంకెలు ఎంత చోటు పడతాయో చూసుకోవడానికి. అసలు తేదీ తెలిశాక అమ్మ సరిదిద్దిస్తుంది. ఆ మంగళవారం అమ్మ పెరట్లో నీళ్ళు పోస్తూ రాయికి నునుపు పడుతోంది. అమ్మ గనక ఆ ఫారం చదివి ఉంటే నాకు ఇవాళ చెప్పుకోవడానికేమీ ఉండేది కాదు. నేను ఆ రోజు తేదీ వేశాను. మీట నొక్కాను. తెర మీద ఒక తెల్లపువ్వు బొమ్మ వచ్చింది. బాగుందే అనుకున్నాను.

బుధవారం కంపెనీ నుంచి ఈమెయిల్లో ఉత్తరం వచ్చింది. “మా విలువైన వినియోగదారుడి జీవితకాలం నిన్నటితో పూర్తయిందని తెలిసి చింతిస్తున్నాము. నిబంధన పద్నాలుగు ప్రకారం జీవితకాలపు లైసెన్సు జీవితకాలంతో ముగుస్తుంది. మెషిన్‌కు విశ్రాంతి ఇవ్వబడినది.”

నాన్న కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. “విలువైన అన్నాడు చూడు. బతికుండగా ఒక్కసారైనా అన్నాడా?” అన్నాడు.

నేను సహాయ కేంద్రానికి ఫోన్ చేశాను. అరగంట సంగీతం విన్నాక ఒక అమ్మాయి పలికింది. గొంతు చాలా మర్యాదగా ఉంది. ఆ మర్యాదే తర్వాత నా ప్రాణాలు తోడేసింది.

“మీ నాన్నగారి విషయంలో మా ప్రగాఢ సానుభూతి మేడమ్.”

“ఆయన బతికే ఉన్నారండీ. ఫారంలో తేదీ తప్పు పడింది. ఇక్కడే ఉన్నారు, ఫోన్ ఇస్తాను మాట్లాడండి.”

“క్షమించాలి మేడమ్. లైసెన్సుదారుడి వివరాలు ఇతరులతో మాట్లాడకూడదు.”

“ఇతరులెవరు? ఆయనే లైసెన్సుదారుడు.”

“లైసెన్సుదారుడు లేరని మా రికార్డులో ఉంది కదా మేడమ్. కాబట్టి మీ పక్కన ఉన్నది ఇంకెవరో అయి ఉంటారు.”

నాన్న నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. “అమ్మా, నేనే మాట్లాడుతున్నాను. నాకేం కాలేదు.”

“మీక్కూడా మా సానుభూతి సర్. మీరు ఆయనకి ఏమవుతారు?”

నాన్న నిజంగానే ఆలోచనలో పడ్డాడు. తలుపు వంక చూశాడు, నా వంక చూశాడు. “ఏమవుతానంటే ఏం చెప్పనమ్మా. చిన్నప్పటి నుంచీ తెలుసు,” అన్నాడు చివరికి.

“అయితే స్నేహితులు అని రాసుకుంటాను సర్.”

మళ్ళీ నేను అందుకున్నాను. తేదీ సరిచేయమన్నాను. సరిచేయాలంటే లైసెన్సుదారుడు తన ఖాతాలోకి వెళ్ళి అడగాలట. ఖాతాలోకి వెళ్తే, ఆయన పోయినందువల్ల ఖాతా మూసేశారట. ఖాతా తెరవమన్నాను. అది కూడా ఆయనే ఆ ఖాతాలోంచి అడగాలట. డాక్టరు దగ్గర బతికున్నట్టు పత్రం రాయించి పంపుతానన్నాను.

“బతికున్నట్టు పత్రం పెట్టడానికి మా ఫారంలో చోటు లేదు మేడమ్. ఇంతవరకు ఎవరికీ అవసరం పడలేదు. మీరు వారసురాలిగా లైసెన్సు బదిలీ చేయించుకోండి, అది చాలా సులువు. మరణ ధ్రువపత్రం పంపితే చాలు.”

“చావని మనిషికి మరణపత్రం ఎవరిస్తారు?”

“పత్రం దొరకడం కొన్నిచోట్ల ఆలస్యమవుతోందని మాకు తెలుసు మేడమ్. అందుకే పోయిన ఏడాది నుంచి సమాధి రాయి ఫోటో కూడా తీసుకుంటున్నాం. పేరు, రెండు తేదీలు స్పష్టంగా ఉంటే చాలు. చాలామందికి అదే వీలుగా ఉంటోంది.”

నేను ఫోన్ పెట్టేశాను. పెరట్లోంచి వచ్చిన అమ్మ చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ సంగతంతా విన్నది. కంపెనీని ఏమీ అనలేదు. “అయితే ఇప్పుడు మీకు భోజనం వడ్డించాలా వద్దా? అది కూడా అడగమనండి,” అంది నాన్నతో. ఆ పూటంతా అదే ధోరణి. నాన్న దగ్గితే, “పోయినవాళ్ళకి దగ్గేమిటండీ” అనేది. ముగ్గురం కడుపుబ్బా నవ్వుకున్నాం. అప్పటికి ఇంకా నవ్వు వస్తోంది.

నవ్వు ఆగింది బస్సు డ్రైవరుగారు వచ్చాక. రిటైరైన మనిషి. భార్య పోయి నాలుగు నెలలైంది. ఆదివారం ఆవిడ తోబుట్టువులు దూరం నుంచి రాయి చూడటానికి వస్తున్నారు. రాయి మీద ఆవిడ పేరు కూడా చెక్కించలేకపోయాడా అని వాళ్ళు అనుకుంటారేమోనని ఆయన బెంగ. రోజూ పది గంటలకి వచ్చి మా అరుగు మీద కూర్చుంటాడు, ఏమీ అడగడు, పన్నెండింటికి లేచి వెళ్ళిపోతాడు. అడిగేవాళ్ళకి ఏదో ఒకటి చెప్పొచ్చు. అడగనివాళ్ళతోనే కష్టం. ఆయన రాయితో కలిపి పదమూడు రాళ్ళు గోడకి ఆనించి ఉన్నాయి, నున్నగా, ఒక్క అక్షరం లేకుండా.

కొత్త లైసెన్సు కొందామంటే, జీవితకాలానివి ఇప్పుడు అమ్మడం లేదు. నెలనెలా అద్దె కట్టేవే ఉన్నాయి. పైగా మా నమూనాలన్నీ నాన్న ఖాతాలో ఉన్నాయి, అవి వేరే లైసెన్సుతో తెరుచుకోవు. నేమ్‌ప్లేట్లవాడు సంగతి తెలిసి తన దొంగ కాపీ ఇస్తానని వచ్చాడు. వాడి మొహంలో జాలి చూసి నాకు ఒళ్ళు మండింది. నాన్న వాడికి టీ ఇప్పించి, “నేను కొనుక్కున్న వస్తువుని నేనే దొంగతనం చెయ్యాలా బాబూ?” అని పంపించేశాడు.

గురువారం నేనొక ఎత్తు వేశాను. విరిగిన రాయి ఒకటి తీసి, నాన్న పేరు, తేదీలు నల్లరంగుతో చక్కగా రాసి, ఫోటో పంపాను. పదకొండు నిమిషాల్లో జవాబొచ్చింది. “అక్షరాలకు లోతు లేదు. కనీసం రెండు మిల్లీమీటర్ల లోతు ఉండవలెను. నకిలీ రాళ్ళతో లైసెన్సులు కాజేసేవారి నుంచి మీలాంటి నిజమైన వినియోగదారులను కాపాడటానికే ఈ ఏర్పాటు.”

ఫోన్లో ఆ అమ్మాయి మీద అరిచాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది, అప్పుడు మాత్రం అరిచాను. “రాయి చెక్కాలంటే మెషిన్ తెరవాలి. మెషిన్ తెరవాలంటే రాయి చెక్కాలి. మీకు అర్థమవుతోందా?”

“మీ ఇబ్బంది అర్థమైంది మేడమ్. మీకు దగ్గర్లో సమాధి రాళ్ళు చెక్కేవాళ్ళు ఉంటే ఒకసారి అడిగి చూడండి.”

“దగ్గర్లో ఉన్నది మేమే.”

“అయితే మీకు ఇంకా సులువు కదా మేడమ్,” అంది.

ఫోన్ పెట్టేసరికి నాన్న పెట్టెలోంచి ఉలులు తీసి బల్ల మీద వరసగా పేరుస్తున్నాడు.

“ఒక్క రాయి చెక్కగలను,” అన్నాడు. “ఒక్కటే. రెండోదానికి చెయ్యి లేవదు.”

ఆయన లెక్క నాకు తెలుసు. రెండేళ్ళ కిందట ఎవరో బతిమాలితే ఒక పసిబిడ్డ రాయి చేత్తో చెక్కి, నెలరోజులు చొక్కా బొత్తాలు అమ్మ చేత పెట్టించుకున్నాడు. ఎప్పుడూ నోరు మెదపని డ్రైవరుగారు ఈసారి అరుగు మీద నుంచి లేచి గుమ్మంలోకి వచ్చాడు.

“ఒక్కటంటే ఎవరిదండీ?” అన్నాడు.

“అదే ఆలోచిస్తున్నా. మీ ఆవిడది చెక్కితే మీ పని అవుతుంది, మిగతా పన్నెండూ ఆగిపోతాయి. నాది చెక్కితే మెషిన్ తెరుచుకుంటుంది, పదమూడూ అవుతాయి. మీదే ముందు వచ్చిన ఆర్డరు మరి. మీరు చెప్పండి.”

డ్రైవరుగారు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. “మీకేం అభ్యంతరం లేకపోతే ముందు మీరే కానివ్వండి,” అన్నాడు, బస్సు ఎక్కేవాళ్ళకి దారి ఇస్తున్నట్టు.

నాన్న శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టాడు. రెండు మణికట్లకీ గుడ్డ చుట్టి అమ్మ ముడి వేసింది. మంచి రాయే ఎంచుకున్నాడు. పారేసే రాయి చాలు కదా అంటే నా వంక అసహ్యంగా చూశాడు. పెన్సిలుతో గీతలు గీసి, తన పేరులోని అయిదక్షరాలనీ ఒంపులతో సహా దిద్దుకుని, మొదటి దెబ్బ వేశాడు. ఎనిమిదేళ్ళుగా ఆ కొట్లో మెషిన్ రొద తప్ప వినలేదు. ఉలి చప్పుడుకి వీధిలో వెళ్ళేవాళ్ళు ఆగి తొంగిచూశారు. నాన్నకి హుషారొచ్చింది. “ఈ గుడి చూడు, ఈ గుడి. నీ మెషిన్ గీస్తుందా ఇలా?” అంటూ నన్ను సాయంత్రం దాకా ఏడిపించాడు. పేరు పూర్తయింది. పుట్టిన తేదీ పూర్తయింది. మధ్యలో చిన్న గీత చెక్కి ఆపాడు.

శనివారం ఉదయం రెండో తేదీ మిగిలింది. అమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఎప్పుడూ అంతే, తేదీలు పడేటప్పుడు ఆవిడ ఉండి తీరాలి. నాన్న ఉలి ఆనించాడు. అమ్మ వెనక్కి తిరిగింది.

“ఇది మీరే చూసుకోండి. నేను చదవను,” అని లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో గిన్నెలు కడిగిన చప్పుడు వినపడింది, కడిగినవే మళ్ళీ.

మొదటి అంకె పడింది. నాలుగు రోజులుగా నాకు కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, విసుగొచ్చింది. భయం మాత్రం ఆ అంకెతోనే వచ్చింది. నాన్న పేరు కింద, నాన్న చేత్తో, ఆ తేదీ ఒక్కొక్క దెబ్బకి లోతవుతోంది.

“నాన్నా, ఆపెయ్. అద్దెదే తీసుకుందాం. నమూనాలు పోతే పోనీ, నేను మళ్ళీ గీస్తాను.”

“జీవితకాలానికి కట్టాను,” అన్నాడు ఆయన తలెత్తకుండా. “వాడికెందుకు వదలాలి?”

“నాకు ఏడుపొస్తోంది.”

“రాయి మీద పడకుండా ఏడు. తడిస్తే పెన్సిలు గీతలు పోతాయి.”

ఏడ్చాను, కొంచెం దూరంగా నిలబడి. మధ్యాహ్నానికి అయిపోయింది. ఫోటో తీద్దామంటే రాయి నిలవడం లేదు. గోడకి ఆనిస్తే మెరుపు పడుతోంది. చివరికి నాన్నే రాయి వెనక నిలబడి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఫోటోలో రాయి, దాని మీద ఆయన పేరు, రెండు తేదీలు, రాయి అంచు మీద పది వేళ్ళు, పైన ఆయన తల. నవ్వొద్దంటే నవ్వాడు కూడా. మళ్ళీ తీసే ఓపిక లేక అదే పంపాను. నాలుగు నిమిషాల్లో జవాబొచ్చింది. “చిత్రం స్పష్టంగా ఉన్నది. బదిలీ ఆమోదించబడినది.”

మెషిన్ లేచింది. ఆ సాయంత్రమే డ్రైవరుగారి రాయి చెక్కాను. అమ్మ వేలు పెట్టి అంకెలు రెండుసార్లు చదివింది. ఆదివారం పొద్దున ఆయన రాయిని బండిలోకి ఎక్కించుకుని, వెళ్ళేముందు నాన్న దగ్గరికొచ్చి, “మీకు చాలా శ్రమ ఇచ్చాను,” అన్నాడు. నాన్న చెయ్యి ఎత్తలేక తల ఊపాడు.

ఆయన వెళ్ళగానే అమ్మ గోడ వైపు చూపించింది. “ముందు దాన్ని అరగదీయండి. అది అలా నిలబడి ఉంటే నేను ఈ కొట్లో అడుగుపెట్టను.”

“పేరు ముట్టుకోవద్దు,” అన్నాడు నాన్న. “నా జన్మలో ఏదీ ఇంత బాగా కుదరలేదు.”

నేను అరగదీసే చక్రం అందుకుని పేరు వదిలేశాను, పుట్టిన తేదీ వదిలేశాను, చిన్న గీత కూడా వదిలేశాను. రెండో తేదీ మీద మాత్రం కసిదీరా పట్టాను. దుమ్ము లేచి ముగ్గురం తెల్లబడిపోయాం. ఎక్కడా అంకె జాడ లేకుండా పోయేదాకా ఆపలేదు. అమ్మ వచ్చి అక్కడ అరచేత్తో నిమిరింది, వేళ్ళతో వెతికింది. “ఏమీ లేదు,” అంది. వారం రోజుల్లో ఆవిడ మొహం అంత తేటగా ఉండటం అదే చూశాను.

నాన్న వంగి చూశాడు. గీత పక్కన అరచేయంత గుంట పడింది.

“మరీ లోతుగా తీశావు. మెషిన్ మొన చదునుగా ఉన్నచోటే నడుస్తుంది. ఈ గుంటలో దిగదు,” అన్నాడు.

“దిగకపోతే మంచిదేగా.”

“ఎప్పటికైనా ఇక్కడొక తేదీ పడాలి కదమ్మా. చేత్తో చెక్కాల్సిందే. అప్పటికి నేనుండను, నువ్వే చెక్కాలి.” ఆ మాట ఆయన మామూలుగా, ఏ రాయికి ఏ అక్షరాలో చెప్పినట్టే చెప్పాడు. ఉలి, సుత్తి తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. “రేపటి నుంచి కూర్చో. అంకెలు వంకర లేకుండా రావడానికి నాకు అయిదేళ్ళు పట్టింది.”

ఏదో ఒకటి అనాలి, లేకపోతే మళ్ళీ ఏడుస్తాను.

“నేను మొద్దుని నాన్నా. పదిహేనేళ్ళు పడుతుంది.”

“దానికి చిన్నప్పుడు ఎనిమిది రాయడమే రాలేదు,” అంది అమ్మ వెంటనే. “ఇరవై వేసుకోండి.”

నాన్న మా ఇద్దరి మొహాలూ చూశాడు.

“సరే, ఆగుతాను,” అని, నేను ఎడం చేత్తో పట్టుకున్న సుత్తిని తీసి కుడిచేతిలో పెట్టాడు.